గేటు లోపలి మూత

వసుమతి నోటికి మధురానగర్‌లో తిరుగులేదు. అమీర్‌పేటలో జావా నేర్చుకునే ఆడపిల్లలకు హాస్టల్ నడిపే మనిషికి ఆమాత్రం నోరు లేకపోతే ఎలాగ? ఆ పొద్దున వాన నీళ్లు వంటింట్లోకి వచ్చేస్తుంటే డ్రైనేజీ ఆఫీసుకు ఫోన్ మీద ఫోన్ చేసింది. "మనిషిని పంపుతున్నాం" అన్నారే గాని, ఒక్కడూ వచ్చిన పాపాన పోలేదు.

ఇక వీళ్లతో అయ్యే పని కాదని, వంటమనిషి చంద్రమ్మను వెంటబెట్టుకుని గేటు ముందున్న మ్యాన్‌హోల్ మూతను గడ్డపారతో లేపించింది. నీళ్లు గుడగుడా దిగిపోయాయి. "బయట వదిలితే పాత ఇనుము వాళ్లు ఎత్తుకుపోతారు, లోపలికి లాగు చంద్రమ్మా," అంది. గుంట తెరిచి ఉందని తెలిసేలా అందులో ఒక వేపకొమ్మ గుచ్చారు. కాసేపయ్యాక మూయిద్దామనుకుంది గానీ, పనుల సందడిలో ఆ సంగతే మరిచిపోయింది.

సాయంత్రం మళ్లీ కుండపోత. వీధి నిండా నీళ్లు నిలిచాయి. కొమ్మ ఎప్పుడో కొట్టుకుపోయింది. మేడం మూత మూయించే ఉంటుందనుకుని, కూరగాయల సంచితో నడిచొస్తున్న చంద్రమ్మ గేటు ముందు చూస్తుండగానే మాయమైంది. సంచి ఒక్కటే నీళ్లమీద తేలింది.

గేటు దగ్గరే ఉన్న వసుమతికి పై ప్రాణాలు పైనే పోయాయి. పొద్దుటి ఫోన్లకు అప్పుడే వచ్చిన డ్రైనేజీ మనిషి రాజనర్సయ్య నీళ్లలో బోర్లా పడుకుని, గుంటలోకి చేతులు చాచి, చంద్రమ్మను జబ్బలు పట్టి బయటికి లాగాడు.

జనం మూగారు. తేరుకోగానే వసుమతి అలవాటు ప్రకారం అతని మీదే పడింది.

"మూతలు తెరిచి వదిలేస్తారేంటయ్యా? మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా? నీ ఉద్యోగం ఊడగొట్టిస్తాను చూడు."

రాజనర్సయ్య ముఖం తుడుచుకున్నాడు. "మేం తియ్యలే అమ్మా. మూత ఏడున్నదో జర చూడుండ్రి."

అందరి కళ్లూ గేటు లోపలికి తిరిగాయి. మూత గోడవారనే ఉంది. "లోపలికి లాగు" అని పొద్దున తను అన్న మాట వసుమతికి మళ్లీ వినపడింది.

ఇంతలో చంద్రమ్మ వణుకుతూ లేచి కూర్చుంది. "నేనే తీసిన అన్నా. మేడంకు ఏం తెల్వది," అంది. వసుమతి వంక చూడలేదు. ఎక్కడ పని పోతుందోనన్న భయం ఆ గొంతులో తెలుస్తూనే ఉంది.

చంద్రమ్మ గుంటలో మునిగినప్పటికన్నా ఈ మాటకే వసుమతి ఎక్కువ అదిరిపోయింది. చచ్చి బతికిన మనిషి, వసుమతి చేసిన తప్పును తన నెత్తిన వేసుకుంటోంది. ఇంతలా భయపెట్టిందా తను? సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"అబద్ధం చెబుతోందండీ," అంది రాజనర్సయ్యతో. "తీయించింది నేనే."