స్తంభానికి తగిలిన బంతి

వెండెల్ కిట్రెల్ కొలువు ఉంటుందో ఊడుతుందో తేల్చేవాడు హాయిట్ లాసిటర్. ఆ పెద్దమనిషి జన్మలో ఫుట్‌బాల్ ఆడింది లేదు. మిసిసిపీలోని ఆ జిల్లాలో సగం చేపల చెరువులు అతనివే, కాలేజీ స్టేడియంలో పడమటి గ్యాలరీ మీద ఉన్నది అతని తండ్రి పేరు. అంతకన్నా అర్హత ఎవరూ అడగలేదు. క్రీడల డైరెక్టర్ గేలన్ ప్రూయెట్ అయితే, లాసిటర్ తుమ్మితే తాను ముక్కు తుడుచుకునే రకం.

ఆరేళ్లుగా కోచ్‌గా ఉన్న కిట్రెల్‌కి ఆ ఇద్దరన్నా రోత. బుధవారం ప్రూయెట్ పేపరువాళ్లతో, "మా కోచ్ మీద మాకు పూర్తి నమ్మకం" అన్నాడు. అది చదివి కిట్రెల్ భార్య జనీవా పెదవి విరిచింది.

"వాళ్లు నమ్మకం అన్నారంటే నీ పని అయిపోయినట్టే."

శనివారం నది అవతలి కాలేజీతో ఆఖరి ఆట. రెండు పాయింట్లు వెనకబడ్డారు, ఎనిమిది సెకన్లు మిగిలాయి. టాబర్ అనే కుర్రాడు తన్నిన బంతి కుడి స్తంభానికి టంగున తగిలి, ఎటు పడాలో తేల్చుకోలేనట్టు ఊగి, రెండు స్తంభాల మధ్యకి పడింది. అమెరికా ఫుట్‌బాల్‌లో దానికి మూడు పాయింట్లు. గెలిచారు. అప్పటిదాకా "పోరా కిట్రెల్!" అని అరిచిన పడమటి గ్యాలరీ అతని పేరు జపించింది.

ఆట కాగానే లాసిటర్, ప్రూయెట్‌ని వెంటేసుకుని కోచ్ గదిలోకి వచ్చి కిట్రెల్‌ని కౌగిలించుకున్నాడు.

"ఏవోయ్ కోచ్! మనవాడు పులి అని చెప్పలా, గేలన్?"

"మొదట్నుంచీ మీది అదే మాటండీ," అంటూ ప్రూయెట్ జేబులోంచి కాగితం తీసి కిట్రెల్‌కిచ్చాడు.

కిట్రెల్ చదివాడు. 'ఇన్నేళ్ల సేవలకు కృతజ్ఞతలు. జట్టుకిప్పుడు కొత్త నాయకత్వం కావాలి.'

ప్రూయెట్ మొహం పాలిపోయింది. "అయ్యో, అది కాదు కోచ్! ఇది, ఈ జేబులోది!"

రెండోది మరో నాలుగేళ్ల ఒప్పందం.

"బంతి బయట పడుంటే?" అన్నాడు కిట్రెల్.

"పడలేదుగా!" లాసిటర్ పగలబడి నవ్వాడు.

రెండు కాగితాలూ వాడి మొహాన కొట్టాలనిపించింది. కానీ యాభై నాలుగేళ్లొచ్చాయి, ఇంకెవరు పిలుస్తారు? సంతకం పెట్టాడు. "మీ దయ సార్" అన్న మాట తన నోటి నుంచే వచ్చింది.

బయట కారులో జనీవా ఎదురుచూస్తోంది.

"ఉందా, ఊడిందా?"

"ఉంది. నాలుగేళ్లు."

ఆమె అతని వైపు చూడకుండానే బండి తీసింది. "అంటే ఇంకో నాలుగేళ్లు ఆ లాసిటర్ జోకులకి నవ్వాలన్నమాట."