పది ఇరవైకి మొదలైన అప్‌గ్రేడ్

"ఇయ్యాల శుక్రారం. పదిన్నరకు రాహుకాలం పడ్తది" అంది పోచవ్వ మంచంలోంచే. "కంప్యూటర్ల ఏందో కొత్తది పెడ్తున్న అన్నవ్ గద, ముందుగాల్నే మొదలువెట్టు బిడ్డా."

సింధుజ నవ్వింది. "కంప్యూటర్లకు రాహుకాలమేంది అత్తమ్మా?"

"వాటికి లేకుంటే లేకపాయె. నీకున్నది గద!"

తుంటి ఎముక విరిగి పోచవ్వ రెండు నెలలుగా ఒకరు పట్టుకోనిదే మంచం దిగలేకపోతోంది. కొడుకు హరీశ్ ముంబై దగ్గరి భివండిలో మగ్గాల కార్ఖానాలో సూపర్‌వైజరు. అందుకే సింధుజ హైదరాబాద్ ఆఫీసు మాని, సిద్దిపేటలోని ఈ రెండు గదుల కిరాయి ఇంట్లోంచే పనిచేస్తోంది. మేనేజర్ అరుణ్‌కుమార్ ఆమె ఒక్కదానికే అలా ఒప్పుకున్నాడు. ఒక్క పెద్ద పొరపాటు జరిగినా ఆఫీసుకు రావాల్సిందేనని ముందే చెప్పాడు.

ఏ మందు ఏ దుకాణంలో ఉందో మెడికల్ షాపులవాళ్ళకు వెతికిపెట్టడం వాళ్ళ కంపెనీ పని. ఆ వెతుకులాటంతా మూడు సెర్చ్ సర్వర్ల మీద నడుస్తుంది. ఆ మూడింటినీ నిలబెట్టేది, పడితే లేపేది ఆపరేటర్ అనే ఇంకో ప్రోగ్రామ్. ఈరోజు సర్వర్లను పాత కంటైనర్ ఇమేజ్ నుంచి, అంటే అవి నడిపే ప్రోగ్రామ్ మూట నుంచి, కొత్తదానికి మార్చాలి. పదిన్నరకని టీమంతా అనుకున్నారు. ఏ ఇమేజ్‌ను ఏ ఆపరేటర్ నడపగలదో ఒక పట్టిక ఉంటుంది. ఆలోగా దాన్ని చూద్దామని సింధుజ అనుకుంది.

కానీ మంచంలోంచి ఇంకో రెండుసార్లు టైమెంతని కేక వినిపించింది. అత్త మనసు కుదుటపడితే పన్నెండు దాకా పిలవదు కదా అనుకుని, పది ఇరవైకి వెర్షన్ నంబరు మార్చి ఎంటర్ నొక్కింది.

మొదటి సర్వర్ కొత్త ఇమేజ్‌తో లేచింది. అయితే అది లేచిందని ఆపరేటర్‌కు తెలియలేదు. లేచావా అని అడిగితే కొత్త ఇమేజ్ చెప్పే సమాధానం ఆ పాత ఆపరేటర్‌కు అర్థం కావడం లేదు. మొదటిది లేచేదాకా రెండోదాన్ని ముట్టకూడదని దాని నియమం. అలా ఆగిపోయింది.

సింధుజ అప్పుడు పట్టిక తెరిచింది. కొత్త ఇమేజ్ వరుసలో వాళ్ళ ఆపరేటర్ నంబరు లేదు.

పాత ఇమేజ్ మళ్ళీ పెట్టింది. సర్వర్ లేవనంది. కొత్తది ఒకసారి రాసిన డేటాను పాతది తెరవదు. ఇక ఆపరేటర్ ముందుకు పోనివ్వదు, డేటా వెనక్కి రానివ్వదు. మిగిలిన రెండు సర్వర్ల మీద వెబ్‌సైట్ ఎలాగో నడుస్తోంది. ఇంకొకటి పడిపోతే వందల దుకాణాలకు వెతుకులాట ఆగిపోతుంది.

ఆమె మేనేజర్‌కు ఫోన్ చేసింది.

"పట్టిక చూడలేదా?" అన్నాడు అరుణ్‌కుమార్.

"లేద్సార్."

"పదిన్నరకు అనుకున్నం గద. పది ఇరవైకి ఎందుకు నొక్కిన్రు?"

ఆమె మంచం వైపు చూసింది. పోచవ్వ చెవులు రిక్కించి వింటోంది.

"నా తొందరే సార్."

అవతల కొంతసేపు కీబోర్డు చప్పుడు. "వెనక్కి దారి లేదు. ఆపరేటర్‌నే కొత్తది చెయ్యాలె. అది నేను చేస్త. మీరు మళ్ళ కొత్త ఇమేజే పెట్టి చూస్తుండున్రి. స్క్రీన్ ముంగటికెల్లి లేవొద్దు."

ఆమె కొత్త ఇమేజ్ పెట్టింది. రెండు నిమిషాలు కాలేదు.

"సింధుజా, బాత్రూంకు పోవాలె" అంది పోచవ్వ.

"జెర ఆగు అత్తమ్మా."

"ఆగేదైతే నిన్నెందుకు పిలుస్త?"

సింధుజ ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. లాప్‌టాప్‌ను బాత్రూం గుమ్మం పక్క స్టూలు మీద పెట్టి, వచ్చి అత్తను లేపింది. పోచవ్వ బరువంతా ఆమె మెడ మీద పడింది. ఇద్దరూ అడుగులో అడుగు వేస్తూ గుమ్మం దగ్గరకు వచ్చేసరికి తెరమీద మొదటి సర్వర్ పక్కన పచ్చరంగు వచ్చింది. రెండోది ఆగి, మళ్ళీ లేవడం మొదలుపెట్టింది.

"ఎక్కింది సార్. రెండోదానికి పోయింది."

"మంచిది. మూడోది అయ్యేదాంక చూడున్రి" అన్నాడు అరుణ్‌కుమార్. "ఇగ సోమవారం నుంచి ఆఫీసుకు రావాలె సింధుజ గారు. నా చేతుల లేదు, పైన చెప్పుకోవాలె నేను."

మంచం పట్టిన మనిషిని ఎవరికి ఒప్పజెప్పాలో ఆమెకు తట్టలేదు.

"సరే సార్" అంది.

"ఏంది సరే అన్నవ్?" అంది పోచవ్వ, కోడలి భుజం వదలకుండా.

"ఏం లేదత్తమ్మా. గడప ఉన్నది, కాలు లేపు."