బానెట్ కింది ఆదివారాలు

పుష్పవతికి ఆ పాత ఫియట్ కారు మీద మొదట ఏ కోపమూ లేదు. మామ దొరస్వామి పోయిన తర్వాత అది ఇంటి వెనక రేకుల షెడ్డులో, అంగడికి వచ్చే స్టీలు పాత్రల అట్టపెట్టెల నడుమ దుమ్ము కప్పుకుని పడి ఉండేది. పిల్లులు దాని కిందే ఈనేవి. కృష్ణగిరిలో పాత్రల అంగడి తప్ప వేరే లోకం తెలియని తన భర్త శ్రీహరికి దాని మీద ధ్యాస పుడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

కూతురు సాయిప్రియ హోసూరులో హాస్టలుకు వెళ్ళిన ఏడాది నుంచి అతనికి ఆదివారాలు గడవడం కష్టమైంది. ఎవరెవరో పాత బళ్ళను ఇంట్లోనే బాగుచేసుకునే వీడియోలు ఫోన్లో చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు, నాయన కారును మెకానిక్‌కు ఇవ్వకుండా తన చేతులతోనే నడిచేటట్టు చేస్తానని, అందులోనే ఇద్దరం హోసూరు పోయి పిల్లను చూసి వద్దామని అన్నాడు.

ఇద్దరం అన్న మాట పుష్పవతికి తియ్యగా వినిపించింది. పాత చీర చింపి గుడ్డలు చేసి ఇచ్చింది. షెడ్డు ఊడ్చింది. శ్రీహరి కొత్త బ్యాటరీ పెట్టాడు, పాత పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు. తాళం తిప్పితే ఇంజను కదిలేది గానీ అంటుకునేది కాదు. నిప్పు రావడం లేదని తేల్చుకుని, సామాన్లు తేవడానికి రాయకోట రోడ్డుకు వెళ్ళాడు. సామాన్లతో పాటు తమిళ్‌సెల్విని కూడా తీసుకొచ్చాడు.

తమిళ్‌సెల్వికి ఆ రోడ్డులో కార్ల కరెంటు సామాన్ల అంగడి ఉంది. తండ్రి పోయాక తానే నడుపుతోంది, ఆ అంగడి వెనక గదిలోనే ఒక్కతే ఉంటుంది. మత్తూరులో శ్రీహరి, ఆమె ఒకే బడిలో చదువుకున్నారట. ఆ సంగతి పుష్పవతి అంతవరకు వినలేదు. వచ్చీ రాగానే సెల్వి కొంగు నడుముకు దోపి, బానెట్ ఎత్తి, ఇంజను పక్కన ఉండే నల్లటి మూత ఊడదీసింది. దాని కింద రెండు చిన్న పాయింట్లు ఒకదాన్నొకటి తాకుతూ విడిపోతూ ఉంటాయని, అవి విడిపోయిన క్షణంలోనే ప్లగ్గులో నిప్పు పుడుతుందని, ఇన్నేళ్ళు కదలకపోవడంతో అవి చిలుము పట్టాయని శ్రీహరికి చూపించింది. అతను తల వంచి, ఆమె తలకు తల ఆనేంత దగ్గరగా, మూత తీసిన చోటికి చూశాడు.

పుష్పవతి వంటింటి కిటికీలోంచి వాళ్ళిద్దరినీ చూసింది.

తరువాతి ఆదివారమూ సెల్వి వచ్చింది, ఆ పై ఆదివారమూ వచ్చింది. ఒక వారం పాయింట్లు మార్చారు. ఇంకో వారం ప్లగ్గులు విప్పి, ఇనుప బ్రష్షుతో మసి రుద్ది, సన్నటి ఇనుప రేకు ఒకటి దూర్చి సందు సరిచూశారు. సందు ఎక్కువైందని ఒకసారి, తక్కువైందని ఒకసారి మళ్ళీ విప్పారు. ఆమె అతన్ని "ఏమప్పా శ్రీహరీ" అని పిలిచేది. అతను "సెల్వీ" అనేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో పుష్పవతి పేరును అతను అట్లా సగం చేసి పిలిచింది లేదు. అసలు పేరు పెట్టి పిలిచిందే తక్కువ. ఏమైనా కావాలంటే "ఇదో" అనేవాడు.

మధ్యాహ్నం ముగ్గురికీ ఆమే వడ్డించేది. సెల్వి పప్పు మళ్ళీ అడిగి వేయించుకునేది, బాగుందనేది. ఆ మెప్పు కూడా పుష్పవతికి ముల్లులా గుచ్చుకునేది. వండేది నేను, తినేది ఆమె, నవ్వు మాత్రం వాళ్ళిద్దరిదీ అనుకునేది. శ్రీహరి నవ్వు అంత పెద్దదని ఆమెకు ఆ ఆదివారాల్లోనే తెలిసింది. అంగడిలో గిరాకీతో నవ్వే నవ్వు వేరు, ఇది వేరు. సెల్వి వెళ్ళాక అతను చేతులు కడుక్కుంటుంటే ఈ రోజు ఏం చేశారని అడిగేది. నీకు చెప్పినా తెలియదులే అన్నట్టు, ఏవో పాయింట్లు అనేవాడు.

కానీ ఆమెకు తెలుసు. కిటికీలోంచి అన్నీ విన్నది. ఆ మూతలోంచి ఇంజనుకు నాలుగు లావు వైర్లు పోతాయి. ఏ వైరు ఏ ప్లగ్గుకు పోవాలో ఒక వరస ఉంది. వరస తప్పితే రావలసినప్పుడు నిప్పు రాదు, రాకూడనప్పుడు వస్తుంది. సెల్వి ఆ సంగతి చెబుతున్నప్పుడు పుష్పవతి కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది.

చివరికి ఒక ఆదివారం ఇంజను అంటుకుంది. శ్రీహరి సంబరపడి, పై ఆదివారం వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించాలనీ, ఆ రోజే హోసూరు పోవాలనీ అన్నాడు. అప్పుడు అతని చూపు ముందుగా సెల్వి ముఖం మీదికే పోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం అతను అంగడిలో ఉండగా పుష్పవతి షెడ్డులోకి వెళ్ళింది. బానెట్ ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. నడిమి రెండు వైర్లను ప్లగ్గుల మీది నుంచి పీకి, దీని చోట దాన్ని, దాని చోట దీన్ని గట్టిగా అదిమింది. వేళ్ళకు అంటిన మసి సబ్బుకు పోలేదు. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోముకుంది.

మరునాడు పొద్దున వీధివాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. నగల అంగడి జనార్ధనరావు కొత్త చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. సెల్వి కూడా మల్లెపూలు పెట్టుకుని వచ్చి ఒక పక్కగా నిలబడింది. శ్రీహరి కారుకు దిష్టి తీయించి, కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారి వణికింది. వెనక గొట్టంలోంచి తుపాకీ పేలినట్టు మోత వచ్చింది. నల్లటి పొగ లేచి జనార్ధనరావు చొక్కా మీదికి వచ్చింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ పేలింది. ఎవరో నవ్వారు. ఇది కారా, దీపావళి టపాకాయా అని ఇంకెవరో అన్నారు.

శ్రీహరి ముఖం కందిపోయింది. దిగి వచ్చి, అందరికీ వినబడేటట్టు సెల్వితో అన్నాడు.

"నిన్ను నమ్ముకున్నాను చూడు, నాకు బుద్ధి లేదు. ఆడమనిషి చేతికి ఇంజను ఇస్తే ఇట్లే అవుతాది."

సెల్వి బానెట్ ఎత్తి వంగింది. ఆమె చెయ్యి నడిమి వైర్ల దగ్గర ఆగింది. తర్వాత తల ఎత్తి నేరుగా వంటింటి కిటికీ వైపు చూసింది. పుష్పవతి పక్కకు తప్పుకోలేకపోయింది. ఇద్దరి చూపులూ కలిశాయి.

"నాదే పొరపాటప్పా," అంది సెల్వి. "వైర్లు మారిపోయినాయి."

సరిచేసింది. ఈసారి ఇంజను మెత్తగా అంటుకుంది. జనం వెళ్ళిపోయారు. సెల్వి కాఫీ కూడా తాగకుండా వెళ్ళింది.

పుష్పవతి పట్టుచీర కట్టుకుని కారులో భర్త పక్కన కూర్చుంది. తాను కోరుకున్నది ఇదే. కుందారపల్లి దాటారు. తర్వాత శ్రీహరి, ఇక ఆ సెల్విని పిలిచేది లేదని, హోసూరులో మంచి మెకానిక్‌ను చూసుకుంటానని అన్నాడు. ఆ మాట కోసమే ఇన్ని వారాలు ఎదురుచూసిన పుష్పవతికి అది విన్నాక సంతోషం కలగలేదు. వైర్లు మార్చింది తనకు తెలుసు, సెల్వికి తెలుసు. అయినా సెల్వి నోరు విప్పలేదు. ఆ ఓర్పు ఆమెకు ఎక్కడి నుంచి వచ్చింది? తనకు ఎందుకు లేదు? పుష్పవతికి ఇప్పుడు ఆ ఓర్పు మీదే అసూయ పుట్టింది.

ఆ తర్వాతి ఆదివారాలు సెల్వి లేకుండానే వచ్చాయి. శ్రీహరి షెడ్డు వైపు పోలేదు. ఫోను పట్టుకుని మంచం మీద పడుకునేవాడు. సెల్వితో నవ్విన నవ్వు పుష్పవతి వైపుకు తిరగలేదు, ఇంట్లోంచే పోయింది. కాఫీ ఇస్తే తీసుకునేవాడు, పప్పు వడ్డిస్తే తినేవాడు. ఆమె ఒకసారి తానే కారు మాట ఎత్తి, పాయింట్లు మళ్ళీ చూడాలేమో అంది. అతను ఆశ్చర్యంగా చూసి, నీకెందుకులే ఆ తలనొప్పి అన్నాడు.

ఒక మంగళవారం ఆమె రాయకోట రోడ్డుకు వెళ్ళింది. సెల్వి అంగడిలో ఒక్కతే కూర్చుని, స్టీలు డబ్బాలోంచి పెరుగన్నం తింటోంది. పుష్పవతిని చూసి డబ్బా మూత పెట్టి స్టూలు జరిపింది.

"ఆ పొద్దు ఏమిటికి చెప్పలేదక్కా?" అంది పుష్పవతి.

"చెప్పింటే ఆ నలుగురి ముందర నువ్వు ఏమౌతావు పుష్పమ్మా? నాకైతే అంగడి ఉండాది. ఎవురేమన్నా ఈడికి వచ్చి కూర్చుంటాను. నువ్వు యాడికి పోతావు?"

పుష్పవతి తల దించుకుంది. సెల్వి డబ్బా మూతను చేత్తో తిప్పుతూ మళ్ళీ అంది.

"నేనూ ఒకటి చెప్తాను. ఆ పని రెండు వారాల్లో అయిపోయేది. నేనే సాగదీసినాను. సందు సరిగ్గానే ఉండింది, చుమ్మా, ఊరికే విప్పించినాను. ఆదివారం మీ ఇంటికొస్తే నువ్వు ఆకేసి అన్నం పెడతావు, పప్పు అడిగితే మళ్ళీ వేస్తావు. నాకు అట్లా పెట్టేవాళ్ళు ఎవురుండారు? ఇంటికొచ్చినాక నీ మింద కుళ్ళుకునేదాన్ని."

పుష్పవతి నమ్మలేనట్టు చూసింది. తాను కిటికీ వెనక నిలబడి ఆమెను చూసి ఏడ్చినన్ని రోజులూ ఆమె కిటికీ ఇవతలి వంటింటిని చూసి ఏడ్చిందా? నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. మా ఆయనతో అంత నవ్వేదానివి కదా అని అడగాలనుకుని అడగలేదు. సెల్వి అది గ్రహించినట్టే, చిన్నప్పుడు శ్రీహరి బడిలో లెక్కల సారుకు భయపడి వాంతి చేసుకున్న కథ చెప్పింది. ఆ మాటలే చెప్పుకుని నవ్వుకునేవాళ్ళమంది. పుష్పవతికి ఆ కథ కూడా తెలియదు. అదీ చురుక్కుమంది.

సాయంత్రం శ్రీహరి అంగడి నుంచి రాగానే ఆమె నిలబడే చెప్పింది.

"వైర్లు మార్చింది ఆమె కాదు. నేను."

అతను చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు. ఎందుకని అడగలేదు. అడిగింది వేరే.

"ఏది మార్చాల్నో నీకు ఎట్ల తెలుసు?"

"మీరు నాకు చెప్పలేదు. ఆమె మీకు చెప్తాంటే కిటికీలోంచి విన్నాను. నన్ను ఒక్కరోజైనా ఆడికి పిలిచినారా?"

అతను చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ఆమె మీద కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. రెండు రోజులు మాట్లాడకుండా తిరిగాడు. మూడో రోజు అంగడి మూసి రాయకోట రోడ్డుకు వెళ్ళి, నేను అట్లా అనింది తప్పు అని సెల్వితో చెప్పి వచ్చాడట. ఆ సంగతి అతను చెప్పలేదు, సెల్వే ఫోను చేసి చెప్పింది.

ఎండలు ముదిరాక కారు మళ్ళీ మొరాయించింది. సెల్వి వచ్చింది. ఈసారి పుష్పవతి కిటికీ దగ్గర నిలబడలేదు; పొయ్యి ఆర్పేసి షెడ్డులోకి వచ్చింది. సెల్వి ఆమె చేతికి ఇనుప రేకు ఇచ్చి, పాయింట్ల నడుమ దూర్చి చూడమంది. ముందు వదులుగా పోయింది. స్క్రూ కొంచెం తిప్పి మళ్ళీ దూర్చింది. రేకు సన్నగా పట్టుకుని జారింది. సరిపోయిందని వేళ్ళకే తెలిసింది.

వెనక నుంచి శ్రీహరి, నేను చూస్తాను ఇటివ్వండి అన్నాడు. ఎవరూ ఇవ్వలేదు. సెల్వి ఏదో అంది, పుష్పవతి నవ్వింది. అతను కొంచెంసేపు వాళ్ళ వెనకే నిలబడి, దేనికి నవ్వుతున్నారని అడిగాడు. చెప్పలేదు. అతని ముఖం చిన్నబోవడం పుష్పవతి చూసింది. జాలి వేసింది గానీ వెంటనే పక్కకు జరగలేదు. కాసేపు అట్లాగే ఉండనీ అనుకుని, ప్లగ్గు విప్పడానికి వంగింది.