రెండుసార్లు తొక్కే బ్రేకు

మా పాత కారు అమ్మి మూడు రోజులైంది. మూడు రోజులుగా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. గడియారాలు బాగుచేసే నా కొట్లో కూర్చుంటే చేతిలోంచి పట్టకారు జారిపోతోంది. ఇంటికొస్తే కిటికీ దగ్గరికి వెళ్ళి ఖాళీ స్థలం చూస్తున్నాను. నిజానికి అది ఖాళీ కాదు, మా అమ్మాయి కొన్న కొత్త కారు ఉందక్కడ. నా కళ్ళకే అది ఆనడం లేదు.

ఉన్నది ఒక్క కారుకు చోటు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మా ఆవిడ తేల్చేసింది. ఆ కారుతో నాది ఇరవై మూడేళ్ళ కాపురం. పురిటి మంచం మీంచి అమ్మాయిని ఇంటికి తెచ్చింది అందులోనే. ఆ వెనక సీటులోనే అది ఎక్కాలు వల్లెవేసింది, అలిగింది, నిద్రపోయింది. కుడి తలుపు కాస్త పైకెత్తి లాగాలి, అద్దం దిగాలంటే అరచేత్తో నొక్కాలి. పరాయివాళ్ళ దగ్గర మొరాయించేది, మా మాట మాత్రం వినేది. మెకానిక్కులను దాని దరిదాపులకు రానిచ్చేవాణ్ణి కాదు. దాని గుణం నాకు తెలిసినట్టు వాళ్ళకేం తెలుసు.

అనవసరంగా అమ్మానని నేను గింజుకుంటుంటే చూడలేక, ఆదివారం పొద్దున అమ్మాయి కొత్త కారు తాళాలు నా చేతిలో పెట్టింది.

"రా నాన్నా, నువ్వే నడుపు. అలా మొహం వేలాడేసుకుని కూర్చోకు."

వీధి మలుపులో బ్రేకు తొక్కాను. కారు ఠక్కున ఆగి, మళ్ళీ ఓ కుదుపు కుదిపింది. అమ్మాయి ముందుకు తూలింది.

"పాత అలవాటు పోలేదా? దీనికి ఒకసారి చాలు," అని నవ్వింది.

నేనూ నవ్వబోయాను. పాత కారుకు మొదటిసారి తొక్కితే పెడలు మెత్తగా కిందికి దిగిపోయేది, రెండోసారికి గానీ బ్రేకు పట్టేది కాదు. ఎనిమిదేళ్ళుగా అంతే. మొదటిది లేపడానికి, రెండోది ఆపడానికి అని అమ్మాయికి నేర్పింది నేనే. ఊళ్ళోవాళ్ళ గడియారం నిమిషం వెనకబడితే ఊరుకోని నాకు అదొక లోపమనే తోచలేదు.

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "నాన్నా, కారు కొన్న ఆ టీచరమ్మకి ఈ సంగతి చెప్పావా?"

తలుపు సంగతి చెప్పాను. అద్దం సంగతి చెప్పాను. సీటు చిరుగు చూపించి, ఏమీ అనుకోవద్దని కూడా అన్నాను. బ్రేకు మాటే నోటికి రాలేదు. కొన్నావిడ బడిలో బొమ్మలు వేయడం నేర్పుతుంది. ఇద్దరు పసిపిల్లలు. ఈ ఆదివారమే వాళ్ళను తీసుకుని కొండదారిలో అమ్మ ఇంటికి వెళ్తానని సంబరంగా చెప్పింది కూడా.

కారు పక్కకు ఆపి ఆవిడకు ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"జరుగు, నేను నడుపుతాను," అంది అమ్మాయి.

దారి పొడుగునా ఫోను చేస్తూనే ఉన్నాను. ఎర్రదీపం పడ్డ చోటల్లా అమ్మాయినే కసిరాను, పాపం అదేం చేస్తుంది. కారు మీద బెంగ ఎటు పోయిందో. అది తునాతునకలైనా సరే, ఆ పిల్లలు క్షేమంగా ఉంటే చాలనుకున్నాను.

టీచరమ్మ ఇంటి ముందు కారు కడుగుతోంది. పిల్లలు బకెట్లో చేతులు పెట్టి ఆడుతున్నారు. గబగబా దిగి వెళ్ళి గేటు పట్టుకున్నాను.

"అమ్మా, బ్రేకు..." అన్నాను.

"అదాండీ. ఆ రోజు మీ వీధి చివరే తెలిసిపోయింది. నడిచినంత మెల్లగా మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. లోపలేదో చిన్న రబ్బరు ముక్క అరిగిందట, ఒక్క పూటలో మార్చేశాడు. ఫోను ఇంట్లో ఉండిపోయింది, కంగారుపడ్డారా?"

"ఇంకేమన్నాడు మెకానిక్కు?" ఊరుకోవచ్చు కదా, అడిగాను.

ఆవిడ మొహమాటపడింది. "ఏదో వాగాడు లెండి. ఇన్నాళ్ళూ దీన్ని నడిపినాయనకి పెళ్ళాం పిల్లలు ఉండి ఉండరు అన్నాడు."

అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. నా మోచెయ్యి పట్టుకుని, "పద నాన్నా, ఇంటికెళ్దాం," అంది. నాకు దాని మొహం చూసే ధైర్యం లేకపోయింది.