పథ్యం మానిన పొద్దు

పాలు పిండి లేవబోతే కాళ్లు లేవలేదు. కొట్టం గుంజ పట్టుకొని లేచాను. "వయసైనాక అంతే మే," అన్నాడు మా ఆయన అంజనప్ప, పాలక్యాను డెయిరీకి తీసుకుపోతూ.

వయసు కాదని నాకు తెలుసు. లివర్ గట్టిపడిందని నిరుడు మదనపల్లె ఆస్పత్రిలో చెప్పినప్పటి నుంచి ఇంట్లో నాకు పథ్యం. పప్పు లేదు, గుడ్డు లేదు, పెరుగు లేదు. పలుచటి గంజి, అదీ అందరూ తిన్నాక. "తాగుడోళ్ల జబ్బు నీకు యాడ నుంచి వచ్చె వదినా," అని మా ఆడపడుచు నవ్వింది. షుగరుతో కూడా వస్తుందని చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

కుప్పంలో మా చెల్లెలు కెంపమ్మకూ ఇదే జబ్బు ఉండేది. నెల రోజులు అక్కడే ఉండి, నేనే గంజి కాచి పోశాను. అన్నం అడిగితే కసిరాను. నేను తిరిగి ఇంటికి పుంగనూరు బస్సెక్కి కూర్చుంటే కిటికీలోంచి నా వేళ్లు పట్టుకుంది. ఆ చేతిలో ఎముక తప్ప ఏమీ లేదు. తర్వాత దాన్ని ప్రాణంతో చూడలేదు. ఇప్పుడు రోజూ నా చెయ్యి నేనే కొలుచుకుంటున్నాను.

ఈసారి ఆస్పత్రికి కోడలు మమతతో పోయాను. ఎప్పుడూ నా బదులు మా ఆయనే మాట్లాడేవాడు. డాక్టరమ్మ నా జబ్బ పట్టి చూసి, ఏం తింటున్నావని నన్నే అడిగింది. చెప్పాను.

"లివర్ జబ్బులో పేగుల్లో చెడ్డ క్రిములు పెరుగుతాయమ్మా. పేగు గోడ బలం తగ్గి, వాటి విషం రక్తంలోకి పోతాది. కండ కరిగేదానికి అదీ ఒక కారణం. ఆ విషాన్ని కొంత విరిచేది మళ్లీ కండే. నువ్వు పస్తుంటే అది ఇంకా కరిగిపోతాది. పప్పు, గుడ్డు, పెరుగు తినాల. లేచిన వెంటనే తినాల."

"మొగోళ్లు తినకముందా?"

"నీ పేగులకు ఆ సంగతి తెలీదమ్మా."

మమత నవ్వేసింది. నాకు కెంపమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. బస్సులో మమత నా చెయ్యి వదల్లేదు. "చిన్నమ్మకు తెలీక గంజి పోసినారత్తా. తెలిసినాక మీరన్నా తినండి."

మరునాడు పొద్దున్నే మా ఆయన వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. "ఏం మే, నాకు కాఫీ యాడ?"

"తింటాండాను. అయినాక పెడతా."

పెళ్లయిన నలభై ఆరేళ్లలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన పొయ్యి వెలిగించడానికి అగ్గిపెట్టె వెతుక్కున్నాడు. ఎక్కడుందో నేను చెప్పలేదు. రెండో గుడ్డు వొలుచుకున్నాను.