డబ్బాలో నల్లమ్మ చేను

గుత్తిలో రైతు సంఘం మీటింగు పన్నెండున్నరకే ముగిసింది. మైకు పాడైంది. ఎర్రన్నకు మైకుంటే ఒక అలవాటు, లేకుంటే ఇంకో అలవాటు. లేనప్పుడు మైకు కంటే ఎక్కువ అరుస్తాడు. ముప్పై నిమిషాల్లో గొంతు పోయింది. గొంతు పోయిన నాయకుడి ముందు ఎవరు కూర్చుంటారు? అందరూ లేచిపోయారు.

బస్టాండు పక్క హోటలు ముందు ఆయన చెల్లెలి కూతురు ఆశ్రిత బండి దగ్గరే నిలబడి బోండాలు తింటోంది. ఆ పిల్లకు తాడిపత్రిలో సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. సెలవు దొరికితే ఇంట్లో ఉండదు. ఆ బండేసుకుని ఒంటరిగా హిమాలయాల దాకా పోయొచ్చింది. బండి హ్యాండిలు మధ్యలో అరచేయంత డబ్బా ఒకటి బిగించుకుంది. జీపీఎస్ అంటుంది. దారి చూపిస్తుంది. జేబులోని ఫోను ద్వారా ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మను అరగంటకొకటి తెచ్చి ఆ దారి మీదే పరుస్తుంది. పొద్దున యాడికి అవతలున్న తమ ఊళ్లో బయల్దేరేటప్పుడు ఎర్రన్న దాన్ని చూసి, గుత్తికి దారి గొడ్లకు కూడా తెలుసు, దీనికెందుకమ్మా ఇంత దండగ అని ఎగతాళి చేశాడు. ఆశ్రిత హెల్మెట్ చేతికిచ్చింది.

ఇప్పుడు చెయ్యి తుడుచుకుని ఆయన్ను పిలిచింది.

"మామా, ఇట్ల రా. ఈ నీలం చుక్క నల్లమ్మత్త చేను. పొద్దున ఆడ ఆగినప్పుడు గుర్తు పెట్టినా. ఈ ఎర్రగా ఉండేది మబ్బు. ఒంటిగంటకు ఉరవకొండ మీదుండాది. ముందు బొమ్మకు, దీనికి నడుమ ఎంత జరిగిందో చూడు. నేరుగా చుక్క దిక్కే పోతాండాది."

ఎర్రన్న డబ్బా మీదికి వంగాడు. కారణం ఉంది.

నల్లమ్మది రెండెకరాల కౌలు చేను. మొగుడు లేడు. పోయిన రెండేళ్లు వేరుశనగ చెట్టుకు కాయ పట్టే ఊడలు దిగలేదు, మేత తప్ప ఏమీ రాలేదు. ఈసారి కాయ నిండింది. నాలుగు రోజుల కింద చెట్లు పెరికి, చేనంతా వరసలుగా ఆరబెట్టింది. ఎత్తి కుప్ప వేసే దాకా ఆ కాయ చేతికి వచ్చినట్టు కాదు. మధ్యలో వాన తగిలిందా, కాయ నల్లబడుతుంది, గింజ మొలకెత్తుతుంది, మేత కుళ్లుతుంది. పొద్దున దారిలో ఆమె అడిగింది, ఈ పొద్దు ఎత్తమంటావా అన్నా అని. పక్క చేన్లో కాయలు ఒలిచే పదిమంది ఆడోళ్లు వింటున్నారు. ఎర్రన్న తలెత్తి పడమర చూశాడు, గాలి పీల్చాడు. మూడు దినాలు చినుకు రాదు, ఇంకో ఎండ తగలనీ, నాది పూచీ అన్నాడు.

పూచీ అన్నాడు! ఎవరడిగారని?

నల్లమ్మకు ఫోను చేశాడు. మోగలేదు. ఆ చేను గుట్ట కింద ఉంది, అక్కడ ఏ ఫోనూ పలకదు. ఇంకో ఇద్దరికి చేశాడు. వాళ్లూ చేన్లలోనే ఉన్నట్టున్నారు. వాన ఎన్ని గంటలకు వస్తుందని అడిగాడు. మూడున్నర ప్రాంతంలో అని ఆశ్రిత చెప్పింది. మనం? అన్నాడు. రెండుంబావుకు పోతాం, ఎక్కు అంది. ఆయన తనంతట తానే హెల్మెట్ పెట్టుకున్నాడు.

బండి మీద వెనక కూర్చుని ఎర్రన్న ఆ నీలం చుక్కనే ఆలోచించాడు. మూడేళ్ల కింద ఊళ్లో చుక్క వాన లేక పంట ఎండిపోతే, పన్నెండు కిలోమీటర్ల అవతల ఎక్కడో వాన కొలిచే పాత్రలో పడ్డ నీళ్లను చూపించి అధికారులు, మీ ఊరు తడిసింది, బీమా రాదు అన్నారు. తొమ్మిది రోజులు ధర్నాకు కూర్చున్నాడు. మా ఊరు మా ఊరే, ఆ ఊరు ఆ ఊరే అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఒక్క అధికారికీ తలకెక్కలేదు. ఈ పిల్ల పెసరగింజంత చుక్క పెట్టి, రెండెకరాల కౌలు చేనుకు మ్యాపులో చోటిచ్చింది. ఎవరినీ అడగకుండా, దరఖాస్తు లేకుండా. తన బండి, తన డబ్బా.

యాడికి ఇంకో పది కిలోమీటర్లుందనగా ఒక వంక దగ్గర, వాగు దాటే చోట, కంకర లారీ అడ్డం తిరిగి ఉంది. బండి ఆగింది. ఎర్రన్న ఆమె భుజం మీదుగా డబ్బాలోకి చూశాడు. ఎర్ర మచ్చ దారిలో ఇందాక చూసినప్పుడు ఉన్నచోటే ఉంది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"నిలబడిపాయ గదమ్మే అది. ఆన్నే ఉండాది. ఇంక నిదానంగా పోదాం, టీ తాగుదాం."

"నిలబడింది బొమ్మ మామా, మబ్బు కాదు. ఈడ సిగ్నల్ లేదు. కింద టైం చూడు, ఒంటిగంటన్నర. ఇప్పుడు రెండు. అది ఇంకో పదిహేను కిలోమీటర్లు ఈ పక్కకొచ్చింటాది."

ఎర్రన్న నాలుక కరుచుకున్నాడు. పాత కాగితం పట్టుకుని ఈనాటి సంగతి మాట్లాడుతున్నారని ఆఫీసుల్లో బల్లలు గుద్దిన మనిషి. తానూ అదే చేశాడు. అదీ టీ కోసం.

లారీ పక్కనుంచి ఆశ్రిత బండిని కంకరలో దించి, జారకుండా దాటించింది. అటుపక్క మెట్ట ఎక్కగానే ఫోను పలికింది, కొత్త బొమ్మ వచ్చింది. మచ్చ రెండు ముక్కలైంది. చిన్నది ఉత్తరంగా గుత్తి దిక్కు మళ్లింది. పెద్దది మాత్రం దారి మార్చుకోలేదు. ఆమె వేలు పెట్టి కొలిచి, ముందు చెప్పిన టైమే అంది. బండి వేగం పెరిగింది.

చేను చేరేసరికి రెండూ ఇరవై. చేనికి పడమట గుట్ట అడ్డం. నెత్తిమీద ఆకాశం తెల్లగా, ఎండ మాడుస్తూ ఉంది. ఎర్రన్న గట్టు మీద నిలబడి, అరిగిపోయిన గొంతుతో వాన వస్తుంది, ఎత్తండి అన్నాడు. ఆడోళ్లు ఆకాశం చూశారు, ఆయన్ను చూశారు, నవ్వు ఆపుకోలేదు. వాళ్లలో గంగక్క నోటికి అడ్డూ ఆపూ లేదు.

"పొద్దున మూడు దినాలన్నావే ఎర్రన్నా. నీ దినం ఇంత పొట్టిదా?"

నవ్వులు పెద్దవయ్యాయి. ముప్పై ఏళ్లలో ఎర్రన్న ఎవరి ముందూ తప్పు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే సంఘం పరువు పోతుందనేవాడు. ఇప్పుడు పరువు ఆలోచించే టైం లేదు.

"పొద్దున నేను చెప్పింది తప్పు. సంగతి తెలీకుండానే పూచీ పడినా. తిట్టేది రేపు తిట్టండి. ఇప్పుడు ఎత్తండి."

నల్లమ్మ ఆయన వైపు చూడలేదు. నేరుగా బండి దగ్గరికి వచ్చింది. ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి డబ్బాలోకి వంగింది.

"ఇది తప్పు చెప్పదా పాపా?"

"చెప్పొచ్చత్తా. నడుమ కరిగిపోనూవచ్చు. కానీ ఇప్పటికి నీ చేని దిక్కే వస్తాండాది. ఇంకో గంటుంటాది నీకు."

నల్లమ్మ కొంగు నడుముకు దోపింది. ఆ ఒక్క మాటకే. తప్పు కావచ్చని చెప్పిన పిల్లను నమ్మింది. పొద్దున పూచీ పడినవాణ్ణి నమ్మి మోసపోయిన సంగతి ఆమెకు గుర్తుంది మరి.

ఆమె కదిలాక ఎవరూ నవ్వలేదు. గంగక్క ముందు దిగింది. పదిమంది ఆడోళ్లు, నల్లమ్మ, ఎర్రన్న, హెల్మెట్ తీసి గట్టు మీద పెట్టిన ఆశ్రిత. చెట్లు చంకల నిండా ఎత్తి, కాయలు లోపలికి, ఆకు బయటికి వచ్చేట్టు గుండ్రంగా పేర్చారు. పెద్ద వామి కట్టే వ్యవధి లేదు, ఎక్కడివక్కడ చిన్న కుప్పలు వేశారు. ఒకామె ఊళ్లోకి పరిగెత్తి టార్పాలిన్ పట్టలు తెచ్చింది. ఎర్రన్న ఎత్తిన కుప్ప రెండుసార్లు కూలింది. గంగక్క వచ్చి, నువ్వు మోయి చాలు, పేర్చేది మాకు వదులని ఆయన్ను పక్కకు నెట్టింది. ఆయన మోస్తూనే ఉన్నాడు.

మూడూ ఇరవైకి గుట్ట వెనకనుంచి నల్లగా లేచింది. చూస్తుండగానే గుట్టను మింగింది. చల్లటి గాలి విసిరి కొట్టింది, పట్టల మీద రాళ్లు పెట్టారు. లెక్క పది నిమిషాలు తప్పింది. తూర్పు మూల పావెకరం ఎత్తకముందే వాన పడింది. మాటామంతీ వినపడనంత గట్టిగా, అరగంట.

ఆడోళ్లంతా ఒక పట్ట కింద తలలు దూర్చారు. ఆశ్రిత బండి పక్కన, మెడలోకి నీళ్లు కారుతుంటే, డబ్బా వైపే చూస్తూ నిలబడింది. బొమ్మ కొత్తది కాదని ఆమెకు తెలుసు. అయినా చూస్తోంది. ఎర్రన్నకు ఆ పిల్ల మీద గౌరవం పుట్టింది. చెల్లెలి కూతురని కాదు, పనిమంతురాలని.

వాన నిలిచింది. నల్లమ్మ మొదటి కుప్ప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మోచేతి దాకా లోపలికి చెయ్యి దూర్చి ఒక కాయల గుత్తి లాగింది. కాయ ఊపింది. గలగలమంది. రెండో కుప్పా అంతే. మూడోదీ అంతే. అప్పుడు తూర్పు మూల తడిసిన వరసల వైపు చూసింది. పోయింది అంతే, అంది. ఏడవలేదు.

ఆఖరి బొమ్మలో దీని వెనకాల మబ్బు లేదు, సాయంత్రం దాకా ఎండ ఉండేట్టుంది, తడిసినవి ఇప్పుడే తిరగేస్తే కొంత దక్కొచ్చని ఆశ్రిత చెప్పింది. నల్లమ్మ లేచి ఎర్రన్న దగ్గరికి నడిచింది.

"అన్నా, ధర్నాకు పిలువు, వస్తా. ఆకాశం సంగతి మాత్రం ఇంకెప్పుడూ నాకు చెప్పగాకు."

ఎర్రన్న సరేనని తలాడించి, పంచె ఎగగట్టి, తూర్పు మూల బురదలోకి దిగి తడిసిన చెట్లను ఒక్కొక్కటే తిరగేయడం మొదలుపెట్టాడు.