రనీమ్ గీయని ముక్కు

ఇర్బిద్‌లో మా బడి పిల్లలు పోటీ కోసం జానెడు పొడవున్న రేసు కారు తయారుచేశారు. నేను వాళ్ల మాస్టారిని. మూడు నెలలు కంప్యూటర్ ముందు కూర్చుని దాని డిజైన్ గీసింది తొమ్మిదో తరగతి రనీమ్. కారు ముక్కు కాస్త మొద్దుగా ఉందనిపించి, మిషను మీద కోయించే ముందు నేనే దాన్ని సన్నగా మార్చేశాను. ఆ పిల్లకు చెప్పలేదు. రంగు వేసిన కారు పోటీ రోజు పొద్దునే చేతికొచ్చింది.

పోటీ జరిగిన అమ్మాన్‌లో న్యాయనిర్ణేత ఆ కారును అటూ ఇటూ తిప్పి చూసి, "ముక్కు ఇంత సన్నగా ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగింది.

రనీమ్ కారు వంకా, నా వంకా చూసింది. "ఇది నేను గీసింది కాదండీ," అంది మెల్లగా.

నాకు తల కొట్టేసినట్టయింది. "నేనే మార్చానండీ, పిల్లకు తెలియదు," అన్నాను. డిజైన్ పిల్లలే గీయాలన్నది పోటీ నియమం; ఆ మార్కులన్నీ పోయాయి.

తిరుగు బస్సులో రనీమ్ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఉస్తాద్, నాది అంత బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా. గెలవాలని నాకే ఆత్రం."

"ఒక్క మాట అంటే నేనే మార్చేదాన్ని కదా!"

ఇర్బిద్ చేరేదాకా నేను తలెత్తలేకపోయాను.